చిలకపిల్లకు చేతిమేత: బాణుడి కాలం నుంచి మన రాయకోట దాకా



పోయిన నెల మన మందిరం వెనక తల ఎండిపోయిన టెంకాయ మాను ఒకటి కొట్టించినాము. గాలివానకు గోడ మీద పడుతుందని కమిటీలో మాట్లాడి కొట్టించిందే. ఆ పొద్దు మేమూ చెయ్యి ఎత్తినాము. మాను కింద పడినాక దాని తొర్రలో మూడు చిలకపిల్లలు ఉండిన సంగతి తెలిసింది. రెండు పడిన దెబ్బకే పోయినాయి. మూడోదాన్ని పిల్లకాయలు తువ్వాలులో చుట్టుకొని మా ఇంటికి తెచ్చి, "తాతా, దీనికి ఏమి పెట్టాల?" అని అడిగినారు.

దాని ఫోటో చూసి మనవాళ్లు తలా ఒక మాట చెప్పినారు. మంచి పంజరం కొనండి అని ఒకరు. ఇప్పటినుంచే గోవిందా అని నేర్పండి అని ఒకరు. చిలకను కట్టేస్తే రామదాసుకు పట్టిన గతి పడుతుంది అని ఒక అక్క. కేసు అవుతుంది, జాగర్త అని ఇంకొకరు. ఈ నాలుగు మాటలకూ వెనక నిండా పెద్ద చరిత్ర ఉంది. మేము ఆ పిల్లకు మేత పెట్టిన ఐదు దినాలూ రాత్రిపూట దాన్నే చదువుకుంటా కూర్చున్నాము. ఆ చదివింది, ఆ పిల్ల దగ్గర నేర్చుకున్నది, రెండూ కలిపి ఇక్కడ రాస్తాము. కడాన మీతో ఒక పని కూడా ఉంది, కాబట్టి మధ్యలో వదలకండి.

మొదట మా చేతికి వచ్చింది ఎట్లుండిందో చెప్పాల. నాలుగు వారాల పిల్ల ఉంటుందేమో. ఒళ్లంతా ముళ్లమాదిరి ఈకల మొలకలు, రెక్కల కొనల్లో మాత్రం పచ్చదనం. తలకాయ ఒళ్లుకు మించి పెద్దది. ఒక కాలు వాచింది. చెయ్యి దగ్గరికి పోతే బుట్ట మూలకు వెనక్కి జరిగి, నోరు తెరిచి, పాము బుస కొట్టినట్టు బుస కొట్టేది. అది కోపం అనుకున్నారు పిల్లలు. కోపం కాదు, భయం. పైనుంచి వచ్చే నీడ ఏదైనా దానికి గద్దే. మాను ఎక్కి వచ్చేది ఏదైనా పామో పిల్లో. మనిషి చెయ్యి ఎట్లుంటుందో అది ఎన్నడూ చూడలేదు. చూసిన మొదటి దినమే ఇల్లు కూలింది.

ఇట్లాంటి పిల్ల భయాన్ని మన దేశంలో పదమూడు వందల ఏండ్లకు ముందే ఒకాయన రాసి పెట్టినాడు. ఆయన బాణభట్టు. హర్షవర్ధనుడు క్రీ.శ. 606 నుంచి 647 దాకా ఏలినాడు, ఆయన కొలువులో ఉండినాడు బాణుడు. ఆయన రాసిన కాదంబరి పెద్ద ప్రేమకథ అని అందరికీ తెలుసు, కానీ ఆ కథంతా చెప్పేది ఒక చిలక. శూద్రకుడనే రాజు కొలువుకు ఒక చండాల కన్య బంగారు పంజరంలో చిలకను తెస్తుంది. దాని పేరు వైశంపాయనుడు. రాజు నీ కథ చెప్పమంటే, అది తన పిల్లతనం నుంచి మొదలు పెడుతుంది. మేము చదివింది తమిళ బడిలో, సంస్కృతం రాదు. ఉద్యోగం విరమించినాక తెలుగు అచ్చులోనూ తమిళంలోనూ దొరికింది దొరికినట్టు చదువుకున్నాము. ప్రేమకథ కంటే ఆ మొదటి భాగమే మాకు మనసులో నిలిచింది.

పంపా సరస్సు దగ్గర ముసలి బూరుగు మాను. దాని తొర్రల్లో వందల చిలకల కాపురం. ఒక తొర్రలో ముసలి చిలక ఒకటి. ఈ పిల్లను కని తల్లి చచ్చిపోయింది. తండ్రికి వయసు మీద పడి రెక్కల ఈకలు రాలిపోయినాయి, ఎగరలేడు. కాబట్టి మిగతా చిలకల గూళ్లనుంచి కింద రాలిన వరి కంకుల్లో గింజలు, అవి కొరికి పారేసిన పండ్ల ముక్కలు ఏరుకొచ్చి పిల్లకు పెట్టి, పిల్ల తినగా మిగిలింది తాను తినేవాడు. బాణుడు రాజుల కొలువుల్ని ఎంత ఆడంబరంగా రాస్తాడో మీకు తెలుసు. ఈ తావులో మాత్రం ఒక బీద ఇంటి సంసారాన్ని రాసినట్టు రాసినాడు.

ఒక దినం శబరుల వేట దండు వచ్చి పోతుంది. వేటలో ఏమీ దొరకని ముసలోడు ఒకడు వెనక నిలిచి, ఆ మాను ఎక్కుతాడు. తొర్ర తొర్రలో చెయ్యి పెట్టి, పండ్లు కోసినట్టు పిల్లల్ని తీసి గొంతు నులిమి కింద వేస్తాడు. తండ్రి చిలక ఏమీ చేయలేక పిల్లను రెక్కల కింద దాచుకుంటుంది. వాడు దాన్నీ చంపి విసిరేస్తాడు. రెక్కల సందులో ఉన్న పిల్ల వాడి కంటికి ఆనలేదు. తండ్రి ఒంటితో కూడా వచ్చి ఎండుటాకుల కుప్ప మీద పడింది కాబట్టి బతికింది. వాడు దిగేలోగా పాక్కుంటా పోయి ఒక తమాల వృక్షం మొదట్లో దాగింది. తండ్రి చచ్చి పడి ఉంటే నేను దప్పికని నీళ్లకోసం పోతున్నానే అని ఆ చిలక రాజు ముందర సిగ్గుపడుతుంది. ప్రాణం మీది ఆశ ఎంత గట్టిదో చెప్పడానికి ఆ సిగ్గును పెట్టినాడు బాణుడు.

నీళ్ల దాకా పోలేక పడిపోయిన ఆ పిల్లను చూసినవాడు హారీతుడు, జాబాలి ముని కొడుకు. స్నానానికి జతగాళ్లతో వస్తా ఉన్నాడు. పిల్లను నీళ్ల దగ్గరికి తెప్పించి, తన చేత్తోనే దాని ముక్కు పైకెత్తి, వేలితో కొన్ని చుక్కలు మాత్రం పోసినాడు. కడవెడు పోయలేదు, చుక్కలు. తరువాత నీళ్లు చిలకరించి, ఒడ్డున తామరాకు నీడలో పెట్టి, తన స్నానం ముగించుకొని వచ్చి ఆశ్రమానికి తీసుకుపోయినాడు.

అక్కడ మిగతా మునులు ఇది ఎక్కడిది అని అడిగితే ఆయన చెప్పిన జవాబు కోసమే ఇంత కథ చెప్పినాము. దీనికి రెక్కలొచ్చి ఎగరగలిగేదాకా ఈ ఆశ్రమంలోని ఒక మాను తొర్రలో ఉంటుంది, నివ్వరి గింజలూ పండ్ల రసమూ మనమూ పిల్లలూ తెచ్చి పెట్టి పెంచుదాము, రెక్కలొచ్చినాక దాని ఇష్టమొచ్చిన తావుకు పోతుంది, లేదా మనతో పరిచయం కలిసి ఇక్కడే ఉంటానంటే ఉంటుంది. ఇదీ ఆయన మాటల తాత్పర్యం. పంజరం అనే ముచ్చటే లేదు. నేర్పేది లేదు. పెట్టిన మేతకు బదులు అడిగేదీ లేదు. ఈపొద్దు గువ్వల ఆస్పత్రుల్లో చదువుకున్న డాక్టర్లు చెప్పేదీ ఇంచుమించు ఇదే.

ఈ పుస్తకాన్ని ముగించకనే బాణుడు కాలం చేసినాడు. మిగతాది కొడుకు పూర్తి చేసినాడు. ఆ కొడుకు రాసిన భాగంలో పిల్లకు రెక్కలొస్తాయి, ఎగిరిపోతుంది, అలిసి ఒక మాను మీద నిద్రపోతుంది, లేచేసరికి ఉచ్చులో ఉంటుంది. బంగారు పంజరంలోకి అది వచ్చిన దావ అదే. ఆశ్రమంలో దాన్ని ఎవరూ పట్టిపెట్టలేదు. పట్టినవాళ్లు వేరే.

ఇబుడు రెండో సంగతి, మాటలు నేర్పేది. మన దేశంలో ఇది పెద్ద విద్య. కామసూత్రంలోని అరవై నాలుగు కళల పట్టీలో చిలకలకూ గోరింకలకూ మాటలు నేర్పడం కూడా ఒకటి. విదేశీయులకు కూడా మన చిలకను చూస్తే మొదట విడ్డూరమనిపించింది ఈ మాటలే. క్రీస్తుకు సుమారు నాలుగు వందల ఏండ్లకు ముందు పారశీక రాజు దగ్గర వైద్యం చేసిన క్టీసియస్ అనే గ్రీకు ఆయన, హిందూదేశపు ఒక గువ్వ మనిషిలాగా ఆ దేశపు మాట మాట్లాడుతుందనీ, గ్రీకు నేర్పితే గ్రీకూ మాట్లాడుతుందనీ రాసినాడు. తరువాత రోము దేశానికి మన చిలకలు ఓడల్లో పోయినాయి. క్రీ.శ. 79లో చనిపోయిన ప్లినీ అనే రోమను పండితుడు చిలకకు పాఠం చెప్పే పద్ధతి కూడా రాసి పెట్టినాడు. దాని తలకాయ ముక్కంత గట్టిది కాబట్టి ఇనుప కమ్మీతో తల మీద కొట్టాలంట, లేకపోతే దానికి దెబ్బ తగలదంట.

ఇది చదివి మేము రోము వాళ్లను తిట్టుకున్నాము. తరువాత మా ఇంటి సంగతే గుర్తుకొచ్చింది.

మేము చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు మా నాయన సంతలో ఒక చిలకపిల్లను కొనుక్కొచ్చినారు. అప్పటికింకా ఇప్పటి చట్టం రాలేదు. అమ్మినోడే ఒక పక్క రెక్క ఈకలు కత్తిరించి ఇచ్చినాడు. మా అవ్వ దానికి రాగిసంకటి ముద్దలోంచి చిటికెడు తీసి, చల్లార్చి, వేలి కొన మీద పెట్టి అందించేది. వారంలోనే అది అవ్వ చీర కుచ్చిళ్లు పట్టుకొని నడిచేది. పెరిగినాక మేము అన్నదమ్ములు దానికి రామా అని నేర్పడానికి కూర్చున్నాము. ఎవరో చెప్పినారు, ఆకలి మీద ఉంటేనే నేరుస్తుంది అని. పొద్దున మేత ఆపేసి, పచ్చిమిరపకాయ పట్టుకొని, రామా అంటేనే ఇస్తాము అని దాని ముందర ఆడించేవాళ్లము. అది నేర్చింది. ఊరంతా వచ్చి చూసి మెచ్చుకున్నారు. అది రామా అనేది ఎప్పుడు అంటే, ఆకలి అయినప్పుడు మాత్రమే. కడుపు నిండినాక ఒక్కసారైనా అనలేదు. ఇనుప కమ్మీకీ ఆ మిరపకాయకూ ఎంత దూరం అని ఇప్పుడు లెక్క వేస్తే పెద్దగా దూరం కనపడలేదు.

ఒక మాట పక్కకు. చిలకకు మిరపకాయ కారం అనిపించదు. కారం కలిగించే పదార్థాన్ని పట్టే అమరిక మన నాలుకలో ఉన్నట్టు గువ్వల్లో పనిచేయదు, శాస్త్రజ్ఞులు తేల్చిన సంగతే. దానికి అది గింజల కాయ, అంతే. మేము మాత్రం ఎంత వీరచిలక అని ఆశ్చర్యపోతా ఉంటిమి.

ఆ చిలక మూడేండ్లు ఉండింది. ఒక దినం పంజరం తలుపు మరిచి బయటికి వచ్చింది, ఇంటి ముందరి వేపమాను అందుకోబోయి కత్తిరించిన రెక్కతో కింద పడింది, కాకులు పొడిచినాయి. అది పడింది మా వాకిలికి పది అడుగుల దూరంలోనే. అవ్వ ఆ పొద్దు సంకటి ముట్టలేదు.

రామదాసు కథను ఎత్తిన అక్క ఇక్కడ ఉన్నదే చెప్పింది. కంచెర్ల గోపన్న గోల్కొండ తానీషా కాలంలో భద్రాచలం తావున తహశీలుదారుగా ఉండి, వసూలైన పైకంతో రాముడి గుడి కట్టించి పన్నెండేండ్లు చెరలో ఉండినాడు. తానీషా అంటే అబుల్ హసన్ కుతుబ్ షా, 1672లో గద్దెనెక్కినాడు, 1687లో ఔరంగజేబు గోల్కొండను గెలుచుకోవడంతో ఆయన రాజ్యం పోయింది. ఇదంతా చరిత్ర. అంత భక్తుడికి పన్నెండేండ్ల చెర ఎందుకు అని జనం అడిగితే పుట్టిన జవాబు చిలక కథ. ముందు జన్మలో ఆయన ఒక చిలకను పన్నెండేండ్లు పంజరంలో పెట్టినాడు, ఆ లెక్క ఈ జన్మలో తీరింది అని చెప్తారు. మా చిన్నప్పుడు హరికథ దాసులు ఈ తావుకు వచ్చినప్పుడు నాయన మమ్మల్ని భుజాన వేసుకొని పోయినారు. దాసు గారు ఏండ్లకు ఏండ్లు లెక్క కట్టి చెప్పినారు. మేము విని ఏడ్చి, ఇంటికొచ్చి మా చిలక పంజరం మీద దుప్పటి కప్పి పడుకున్నాము. ఇద్దరినీ కలిపి ఆలోచించేది మాకు ఆ పొద్దు తోచలేదు. మా నాయనకూ తోచలేదు.

మనవాళ్లకు చిలకతో ఇట్లా రెండు లెక్కలు మొదటినుంచీ ఉన్నాయి. జొన్నచేను కంకి పట్టినప్పుడు మంచె ఎక్కి వడిసెల తిప్పి చిలకల గుంపు మీద రాయి విసిరే చెయ్యే, సాయంత్రం ఇంట్లో చిలకకు జామపండు ముక్క అందించేది. పంట మీద వాలితే దొంగ, పంజరంలో ఉంటే బిడ్డ. దాని మట్టుకు అది రెండు తావులా తినడానికే వచ్చింది.

చిలకజోస్యం వాళ్ల సంగతి ఈ దినాల్లో అడగనక్కరలేదు గానీ, మా ఉద్యోగం దినాల్లో బస్టాండు ముందర వరసగా కూర్చునేవాళ్లు. చిలక బయటికి వచ్చి కార్డు తీస్తుంది, ఆయన ఒక వడ్లగింజ ఇస్తాడు, చిలక తిరిగి లోపలికి పోతుంది. గింజ ఇచ్చేది చేత్తోనే. చిలక భయపడేదీ లేదు. చూసేవాళ్లకు అది నిండా నమ్మకంగా కనిపిస్తుంది. ఆ బతుకు బతికిన మనుషులు కూడా బీదవాళ్లే, వాళ్లను తక్కువ చేసి మాట్లాడేది మా పని కాదు. అయితే ఒక్కొక్క గింజకు ఒక్కొక్క కార్డు అనే లెక్కలో కడుపు నిండకుండా చూసుకోవడం ఉంది, అది మా మిరపకాయ లెక్కే.

వీటన్నిటికీ భిన్నంగా మాకు తెలిసిన చిలక శ్రీవిల్లిపుత్తూరులో ఉంది. ఆండాళ్ అమ్మ ఎడమ చేతి మీద చిలక. బడిలో తమిళ అయ్యవారు తిరుప్పావై చెప్తా ఆ చిలక సంగతి చెప్పినారు. అదే గోదాదేవి కథను మన కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదగా తెలుగులో రాసినాడని మాకు తెలిసింది నలభై ఏండ్లు దాటినాక. తమిళ గడ్డ మీది తెలుగువాళ్లకు ఇంతకు మించిన చుట్టరికం ఏముంది? ఆ చిలకను దినమూ ఆకులతో కొత్తగా కడతారు. ముక్కుకు దానిమ్మ పువ్వు, ఒంటికి పచ్చాకులు, వెదురు పుల్లలు. మరుసటి దినం ఆ చిలక ప్రసాదంగా ఎవరో భక్తుల చేతికి పోతుంది, అమ్మ చేతిలోకి ఇంకొకటి వస్తుంది. ఏండ్ల తరబడి ఒకే చిలక ఆ చేతిని అంటిపెట్టుకొని ఉండేది లేదు.

ఇంక మా బుట్టలోని పిల్ల దగ్గరికి వస్తాము.

ఆ దినమే అటవీ శాఖకు ఫోన్ చేసినాము. కేసు అన్న మాట నిజమే. 1972 వన్యప్రాణి చట్టం కింద మన చిలకలన్నీ రక్షణలో ఉన్నవే. మన దేశపు గువ్వల్ని పట్టి అమ్మడం 1990 దశకం మొదట్లోనే పూర్తిగా ఆగిపోయింది. 2022లో చట్టాన్ని సవరించి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి తెచ్చినప్పుడు మన ఎర్రముక్కు పచ్చచిలకను రెండో షెడ్యూలులోకి చేర్చినారు. అంటే ఇంట్లో పెంచుకోకూడదు, ప్రేమగా పెంచినా కూడదు. ఫోన్లో మాట్లాడినవారు మర్యాదగా చెప్పినారు: తల్లిదండ్రులు ఆ తావులోనే తిరుగుతున్నాయా చూడండి, పిల్లకు బలం వచ్చి కాలి వాపు తగ్గేదాకా ఇట్లా ఇట్లా చూసుకోండి, తరువాత మా మనిషి వస్తాడు. తల్లిదండ్రులు తిరుగుతానే ఉండినాయి. పొద్దునా సాయంత్రమూ రెండు చిలకలు ఆ మాను మొండెం మీద వాలి కీ కీ అని అరిచి పోతా ఉండినాయి. మా బుట్టలోది ఆ అరుపు విని మెడ ఎత్తేది.

మొదటి పాఠం, మేత కంటే ముందు వెచ్చదనం. చలికి బిగుసుకున్న పిల్లకు మేత పెడితే అరగదు, గొంతు కింది సంచిలోనే పులిసిపోతుంది. కాబట్టి బుట్టలో పాత పంచె పరిచి, పక్కన వేడినీళ్ల సీసా గుడ్డలో చుట్టి పెట్టి, ఒళ్లు వెచ్చబడినాకనే తినిపించినాము. రెండోది, నోట్లో నీళ్లు పోయకూడదు. నాలుక మొదట్లోనే ఊపిరి గొట్టం తెరిచి ఉంటుంది, ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి పోయి చస్తుంది. దయతో నీళ్లు పోసి చంపినవాళ్లే ఎక్కువ అని ఫోన్లో ఆయన చెప్పినప్పుడు హారీతుడి వేలి చుక్కలు గుర్తుకొచ్చినాయి. మూడోది, పాలు వద్దు. పాలలోని చక్కెరను గువ్వలు అరిగించుకోలేవు. పుట్నాల పిండీ రాగిపిండీ బాగా ఉడికించి, జారుగా చేసి, మన చేతికి గోరువెచ్చగా తగిలేటట్టు పెట్టినాము. అది ఉప్పు లేనిది. అవ్వ పెట్టిన సంకటిలో ఉప్పు ఉండిందా అని ఇప్పుడు అడగడానికి అవ్వ లేదు.

చెంచా అంచులు రెండు పక్కలా కొంచెం వంచి ముక్కు మాదిరి చేసినాము. తల్లి చిలక తన కడుపులోని మేతను ముక్కులో ముక్కు పెట్టి పిల్లకు కక్కి ఇస్తుంది, కాబట్టి పిల్లకు తెలిసిన ఆకారం అది.

మొదటి దినం చెంచాను కూడా కరిచింది. ఆడవాళ్లు గట్టిగా పట్టుకొని తినిపిద్దాము అన్నారు. ఒక పూట అట్లే చేసినాము, ఆకలితో చచ్చేదానికంటే మేలు కదా అని. తిన్నది, కానీ తరువాత గంటసేపు వణికింది. రెండో దినం నుంచి దావ మార్చినాము. చెయ్యి పైనుంచి దించేది లేదు, కిందనుంచి, ముందరినుంచి, మెల్లగా. ఒకే మనిషి, ఒకే తువ్వాలు, ఒకే గంట. బుట్ట దగ్గర కూర్చొని ఊరికే పేపరు చదివేది, దాన్ని చూడకుండా. రెండు కండ్లతో ఎదురుగా గుచ్చి చూసేది వేటాడే జంతువే అనే లెక్క వాటికి ఉంటుంది. మూడో దినం పొద్దున బుస కొట్టింది గానీ వెనక్కి జరగలేదు. మధ్యాహ్నం చెంచా అంచు నాకింది. సాయంత్రం తల పైకీ కిందికీ ఊపుతా చెంచాలోకి ముక్కు దూర్చి, గొంతు కింది సంచి చిన్న నిమ్మకాయంత ఉబ్బేదాకా తిన్నది. తిని, మా వేలి మీద ముక్కు తుడుచుకుంది. మా ఇంటావిడ దాన్ని చూసి, "ఇంక దీన్ని ఎట్లా పంపేది?" అన్నది.

కష్టం అక్కడినుంచే. భయం పోగొట్టడం చేతనైంది, ఎంత దాకా పోగొట్టాల అనేది తెలియలేదు. నాలుగో దినం అది మా అడుగుల సద్దుకే అరవడం మొదలు పెట్టింది. పక్కింటి పిల్లాడు పోతే వాడి చేతికీ ముక్కు చాపింది. వాడి వెనకే పిల్లి నిలబడి ఉండింది. మనిషి చేతిని ఇంత నమ్మిన చిలక రేపు సంతలో పట్టేవాడి చేతినీ నమ్ముతుంది. కండ్లు తెరవని పసిదానిగా ఉన్నప్పటినుంచి మనిషే పెంచితే తాను చిలకనన్న సంగతే మరిచిపోయేవి ఉంటాయి. బాతుపిల్లల్లో, హంసపిల్లల్లో మొదట కనిపించిన కదిలే ఆకారాన్నే తల్లి అనుకునే గుణాన్ని కొన్రాడ్ లోరెంజ్ అనే ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు 1935లోనే వివరంగా రాసినాడు. మాది నాలుగు వారాలు చిలకల మధ్యే పెరిగింది కాబట్టి అంత ప్రమాదం లేదు. ఉన్నా, ఇంకో పది దినాలు మా దగ్గరుంటే ఏమవుతుందో చెప్పలేము.

ఇంకొకటి చదివినాము, అది మనసును పట్టుకుంది. వెనిజులా దేశంలో చిన్నజాతి పచ్చచిలకల మీద కార్ల్ బెర్గ్ అనే ఆయనా ఆయన జతవాళ్లూ పనిచేసి 2011లో ప్రచురించినారు. గూటిలో ఉన్నప్పుడే తల్లిదండ్రులు ఒక్కొక్క పిల్లకు ఒక్కొక్క వేరే పిలుపు వాడతాయంట, పిల్ల దాన్ని కొద్దిగా మార్చుకొని తన పేరుగా చేసుకుంటుందంట. మన చిలకల్లో అట్లే ఉందని మేము చెప్పము, అది వేరే జాతి. కానీ ఆ మొండెం మీద వాలి అరుస్తున్న రెండింటినీ అటు తరువాత మేము మామూలుగా వినలేకపోయినాము. దానికి మేము చిట్టి అని పేరు పెట్టి ఉంటిమి. ఆ రాత్రినుంచి చిట్టి అని పిలిచేది మానుకున్నాము.

ఐదో దినం కాలి వాపు దిగింది. అటవీ శాఖ మనిషి వచ్చి చూసి, కొట్టేసిన మాను నుంచే తొర్ర ఉన్న రెండడుగుల తుంట కోయించినాడు. అడుగు మూసి, లోపల ఎండిన పొట్టు పరిచి, పిల్లను పెట్టి, మొండెం పక్కనున్న వేపమాను మీద పిల్లులకు అందని ఎత్తున తాడుతో కట్టినాడు. మమ్మల్ని దూరంగా పొమ్మన్నాడు. మేము మందిరం కిటికీలోంచి చూస్తా కూర్చున్నాము. సాయంత్రం ఆ రెండూ వచ్చినాయి, మొండెం మీద వాలి అరిచినాయి, లోపలినుంచి జవాబు వచ్చింది, అయినా దగ్గరికి పోకుండా వెళ్లిపోయినాయి. రాత్రి మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. మరుసటి దినం పొద్దున ఏడు గంటలకు ఒకటి వచ్చి కొమ్మ మీద కూర్చొని, చుట్టూ చూసి, తుంట అంచు పట్టుకొని తల లోపలికి దూర్చింది. తల పైకీ కిందికీ ఊగడం మాకు కిటికీలోంచి కనిపించింది. మా ఇంటావిడ చేతిలో ఉడికించిన పిండి గిన్నె అట్లే ఉండింది.

సుమారు రెండు వారాల తరువాత తుంట ఖాళీ. ఇప్పుడు సాయంత్రం కోట కొండ వైపు పోయే గుంపులో అది కూడా ఉంటుంది. 1791లో ఇంగ్లీషువాళ్లు టిప్పు దగ్గర గెలుచుకున్న కోట అది. దాని గోడ రాళ్ల సందుల్లో కూడా చిలకలు కాపురం చేసేది చూసినాము. మగదో ఆడదో తెలియదు. మగదైతే మెడకు ఎర్ర గీత రావడానికి ఇంకా రెండు మూడేండ్లు పడుతుంది. ఏది మనదో గుర్తుపట్టే దావ లేదు. చెయ్యి చాపితే ఏదీ రాదు.

ఇప్పుడు మీతో పని. మందిరం వెనక రెండో టెంకాయ మాను ఇంకా ఉంది, దాన్ని కూడా కొట్టాలని అదే తీర్మానంలో ఉంది. దాని తొర్రలోనూ చిలకలు పోయి వచ్చేది మేము చూస్తానే ఉన్నాము. మన తావులో ఇవి పుష్యం నుంచి చైత్రం దాకా పిల్లలు చేస్తాయి, ఆలస్యంగా గుడ్లు పెట్టినవాటి పిల్లలు వైశాఖంలో ఎగురుతాయి. ఆదివారం సమావేశంలో ఆ పనిని జూన్ దాకా ఆపమని అడగబోతున్నాము. గోడ వైపు పడకుండా అంతవరకు రెండు మోకులతో వేపమానుకు లాగి కట్టించవచ్చు. కొట్టే మనిషికి ముందే ఇచ్చిన వెయ్యి రూపాయలు తిరిగి రావంటే అది మేము కడతాము. సమావేశం సాయంత్రం ఐదు గంటలకు, కొంచెం ముందే వస్తే మాను చూపిస్తాము.